పల్లెలో జనము తగ్గుట – పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన లెక్క

పల్లెలలో జనము తగ్గిపోవుచున్నదను మాట నేడు గ్రామసభలలోను, శాసనసభలలోను గూడ వినబడుచున్నది. బడిలో పిల్లలు లేరనియు, నాట్లకు కూలీలు దొరకుట లేదనియు, ఊరిలో ముసలివారే మిగిలిరనియు చెప్పుకొనుచున్నారు. ఈ మూడు మాటలును నిజములే కావచ్చును. కాని మూడింటికిని కారణమొక్కటి కాదు. కారణములు వేరైనప్పుడు చికిత్సయు వేరుగనే యుండవలెను. జ్వరమని చెప్పగానే అందరికిని ఒకే మందు పోయు వైద్యుని మనము మెచ్చుకొనము గదా! ఊరు తగ్గినదని విన్నంతనే పంచాయతీ సభ్యుడు మొదట అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఎట్లు తగ్గినది?

జనము తగ్గుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1911 నుండి 1921 వరకు గల దశాబ్దిలో నిజాము రాజ్యపు జనాభా 1 కోటి 33 లక్షల పైచిలుకు నుండి 1 కోటి 25 లక్షల లోపునకు దిగెను. భారతదేశ జనగణన చరిత్రలో దేశ జనాభా మొత్తముమీద తగ్గిన దశాబ్ది అదియొక్కటే. ఆనాడు ఊళ్లు తగ్గుటకు మృత్యువే కారణము. కాటకములు, ప్లేగు, వాటికి తోడు 1918లో ప్రబలిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ఇంటికొకరిని, ఇద్దరిని తీసికొని పోయెను. తరువాత టీకాలు వచ్చెను, వైద్యశాలలు వచ్చెను, ఆ విధమైన తగ్గుదల తొలగిపోయెను. నేటి తగ్గుదల వేరు తోవలలో వచ్చుచున్నది. పుట్టుకలు తగ్గుట యొక తోవ. మనుష్యులు తరలిపోవుట మరియొకటి. ఊరి పేరే గ్రామముల పట్టికనుండి తొలగిపోవుట ఇంకొకటి. ఈ చివరిదానిని గూర్చి ఎవరును అంతగా ఆలోచింపరు. కాని చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతమున దానినే మొదట చెప్పవలసి యున్నది.

ఇల్లు కదలలేదు, ఊరు మారినది

నేటి తెలంగాణ రాష్ట్రపు ఎల్లలలో 2001 నుండి 2011 వరకు జనాభా 13.58 శాతము పెరిగినది. ఈ పెరుగుదల పల్లెకు, పట్టణమునకు సమముగా రాలేదు. పట్టణ జనాభా 38.12 శాతము పెరుగగా గ్రామీణ జనాభా 2.13 శాతము మాత్రమే పెరిగినది. పదియేండ్లలో నూటికి ఇద్దరన్నమాట. రాష్ట్రమంతటికిని సగటు ఇది యైనప్పుడు, పెరిగిన పల్లెలు కొన్ని యుండగా తగ్గిన పల్లెలు మరికొన్ని యుండక తప్పదు.

అప్పటి రంగారెడ్డి జిల్లా లెక్క మరింత విచిత్రమైనది. 2001లో ఆ జిల్లాలో 35,75,064 మంది యుండిరి. 2011 నాటికి వారు 52,96,741 మంది యైరి. నూటికి నలుబది యెనిమిది చొప్పున పెరుగుట సామాన్యము గాదు. అదే కాలమున జిల్లాలో పట్టణవాసుల పాలు 54 శాతము నుండి 70 శాతమునకు పెరిగెను. ఇక్కడ చిన్న లెక్క యొకటి వేసి చూడవలెను. 2001లో నూటికి 46 మంది గ్రామీణులనుకొన్నచో వారు సుమారు 16 లక్షల 40 వేలు. 2011లో నూటికి 30 మంది యనుకొన్నచో సుమారు 15 లక్షల 90 వేలు. అనగా జిల్లా ఇంచుమించు సగమంత పెరిగినను అందలి పల్లె జనము పెరుగకపోగా కొంత తగ్గినది. తగ్గినవారు ఎక్కడికి పోయిరి? అందు పలువురు ఎక్కడికిని పోలేదు. తమ ఇంటనే యున్నారు. వారి ఊరే పట్టణమైనది.

జనగణన శాఖవారు పట్టణమును రెండు విధములుగా గుర్తింతురు. పురపాలక సంఘముగా ప్రభుత్వము ప్రకటించిన ఊరు మొదటిది. ప్రకటన లేకపోయినను 5,000 జనాభాకు తక్కువ గాక, పనిచేయు పురుషులలో నూటికి 75 మంది సేద్యమునకు వెలుపల బ్రతుకుచు, చదరపు కిలోమీటరునకు 400 మందికి తక్కువ గాక యున్న ఊరు రెండవది. ఈ రెండవ తెగకు చెందిన పట్టణములు దేశములో 2001లో 1,362 ఉండగా 2011 నాటికి 3,894 ఆయెను. వీనిలో పెక్కింటిలో నేటికిని పరిపాలించునది గ్రామపంచాయతీయే! పాలనలో పల్లె, లెక్కలో పట్టణము.

చేవెళ్ల, మొయినాబాదులు మొదటి తెగకు చెందినవి. హైదరాబాదు నుండి బీజాపూరు పోవు రహదారిమీద, ప్రాత మర్రిచెట్ల వరుసల నడుమ ముందు మొయినాబాదు, తరువాత చేవెళ్ల తగులును. 2025లో ఈ రెండును చుట్టుపట్టుల గ్రామములు కొన్నింటిని కలుపుకొని పురపాలక సంఘములైనవి. అందు చేరిన గ్రామములలో 2025 డిసెంబరున జరిగిన పంచాయతీ ఎన్నికలు లేవు. సర్పంచి పదవియు, వార్డు సభ్యత్వమును పోయి కౌన్సిలరులు వచ్చిరి. నార్సింగి, మణికొండ, శంషాబాదులును ఒకప్పుడు పంచాయతీలే. అవి ముందు పురపాలక సంఘములై, 2025 డిసెంబరున ఇరువదియేడు పట్టణ సంస్థలను మహానగరమున కలిపినప్పుడు నగరములోనే కలిసిపోయినవి. నిన్న రాత్రి గ్రామీణుడుగా పండుకొన్నవాడు నేడు పట్టణవాసియై లేచుచున్నాడు. మంచము మారలేదు, గొడ్లపాక మారలేదు.

మారినదేమి? కూలివానికి మారినది ఎక్కువ. 2005 నాటి ఉపాధి హామీ చట్టము సంవత్సరమునకు 100 దినముల పనిని గ్రామీణ కుటుంబమునకే వాగ్దానము చేసినది. దాని స్థానమున 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన క్రొత్త చట్టము 125 దినములని చెప్పినది. అదియు గ్రామీణ కుటుంబమునకే. ఊరు పురపాలక సంఘములో చేరిన దినమునుండి ఆ కుటుంబమునకు ఈ హక్కు లేదు. 2025 జనవరి 26న ప్రారంభమైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా క్రింద భూమిలేని కూలీ కుటుంబమునకు ఏటికి 12,000 రూపాయలు నిర్ణయించినప్పుడు, ఉపాధి హామీలో చేసిన పనిదినములనే అర్హతకు కొలతగా తీసికొనిరి. ఒక తలుపు మూయబడినప్పుడు దానిని ఆనుకొనియున్న తలుపును గూడ మూయబడుట ఇట్లే. మరియొక ప్రక్క వీధిదీపములు, మురుగు కాలువలు, భవన నిర్మాణమునకు క్రమమైన అనుమతులు, పట్టణములకు వచ్చు నిధులు ఉండును. లాభమా, నష్టమా యని ఒక్కమాటలో తేల్చరాదు. భూమియున్నవానికి లాభము ముందు కనబడును, కూలికి పోవువానికి నష్టము ముందు తగులును. విలీనపు ప్రస్తావన వచ్చినప్పుడు గ్రామసభలో ఈ రెండు వర్గములవారిని వేరువేరుగా అడిగి వ్రాసికొనుట మేలు. చప్పట్లతో తీర్మానము చేసినచో చప్పట్లు కొట్టిన చేతులెవరివో తరువాత తెలియదు.

నేల యున్నది, రైతు లేడు

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణములను గొన్నది. దానిమీదట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో వరదను ఆపుటకును, నగరమునకు త్రాగునీరు ఇచ్చుటకును మూసీమీద ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీమీద హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. ఈ రెండు జలాశయములను కాపాడుటకు 1996 మార్చి 8న ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువును వెలువరించినది. జలాశయముల చుట్టును పది కిలోమీటర్ల లోపల కాలుష్యము కలిగించు పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాగూడదని దాని సారాంశము. మొయినాబాదు, చేవెళ్ల, శంకరపల్లి, శంషాబాదు మొదలగు మండలములలోని 84 గ్రామములు దాని పరిధిలోనికి వచ్చినవి.

ఉత్తరువు ఉద్దేశ్యము నీటిని కాపాడుట. రైతును నేలమీద నిలుపుట దాని పని గాదు, ఆ పని అది చేయనులేదు. మేడలు లేచుట చాలవరకు ఆగినది గాని భూముల అమ్మకము ఆగలేదు. నగరవాసులు ఎకరములు కొని చుట్టును ప్రహరీలు కట్టి, లోపల ఒక ఇల్లు, కొన్ని మామిడిచెట్లు పెట్టుకొనిరి. ఆదివారము వత్తురు, సోమవారము పోదురు. నడిమి దినములలో కావలివాని కుటుంబమే ఆ తోటకు జనాభా. నాలుగైదు రైతు కుటుంబములు బ్రతికిన నేలమీద నేడొక కుటుంబము బ్రతుకుచున్నది, అదియు పలుచోట్ల పరప్రాంతమునుండి వచ్చినది. భూమి అమ్మిన రైతులలో కొందరు ఆ పైకముతో దూరముగా వికారాబాదు వైపున ఎక్కువ నేల కొని అటు తరలిరి. కొందరు పిల్లల చదువులకని నగరము చేరిరి. కొందరు ఊరిలోనే ఇల్లు కట్టుకొని, ఆ పైకము తరుగుచుండగా చూచుచున్నారు. 2022 ఏప్రిలు 12న 69వ నంబరు ఉత్తరువుతో ప్రభుత్వము 111లోని ఆంక్షలను సడలించిన పిమ్మట భూముల ధరలను గూర్చిన మాటలు మరింత పెరిగినవి. ధర పెరిగిన కొలదిని సేద్యము చేయువానికి నేల అందుబాటులో లేకుండ పోవును. కౌలునకైనను దొరకుట కష్టమగును.

అయినను చేవెళ్ల ప్రాంతపు రైతు సామాన్యుడు గాడు. ఎర్రనేలలలో బోరు నీటితో క్యారెట్టు, టమాటా, ఆకుకూరలు, పూలు పండించి తెల్లవారునప్పటికి నగరపు బజారునకు చేర్చుచున్నాడు. ఈ ప్రాంతమున జనమును నిలుపగలిగినది ఏదైన నున్నచో అది నీరు. 2008లో ప్రాణహిత – చేవెళ్ల సుజల స్రవంతి యను పేరుతో ఒక మహాప్రణాళిక ప్రారంభమైనది. గోదావరి ఉపనది ప్రాణహిత నీటిని ఏడు జిల్లాలలో 16.40 లక్షల ఎకరములకు ఇచ్చుటకు ఉద్దేశింపబడిన ఆ కాలువకు చివర చేవెళ్ల. తరువాత 2016లో ఆ ప్రణాళిక కాళేశ్వరముగా రూపము మార్చుకొన్నది. పేరులోనుండి చేవెళ్ల పోయినది, ఈ ప్రాంతపు ఆశ 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు – రంగారెడ్డి ఎత్తిపోతల వైపు మళ్లినది. కాలువకు చివర నున్నవాడు ఓపికతో ఉండవలెనని చెప్పుట తేలిక. బోరు ఎండిన యేడు ఆ రైతు కుమారుడు నగరములో డ్రైవరుగా చేరును. ఒకసారి చేరినవాడు, వాన పడినంత మాత్రమున నాగలికి రాడు.

పోవుటలోను రెండు తీరులు గలవు. ఉదయము పోయి సాయంత్రము వచ్చుట యొకటి, పోయి అక్కడనే యుండుట మరియొకటి. చేవెళ్ల, మొయినాబాదులకు గల అదృష్టము మొదటి తీరు సాధ్యమగుట. ఇంటి అద్దె లేకుండ, తల్లిదండ్రులను విడువకుండ, నగరపు జీతము తెచ్చుకొనవచ్చును. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రపు స్త్రీలకు ఛార్జీ లేదు. దీనిని స్త్రీ సంక్షేమ పథకమనియే అందరును చెప్పుదురు. నా దృష్టిలో ఇది జనమును ఊరిలో నిలుపు పథకము గూడ. ఊరినుండి కళాశాలకు పోయి వచ్చు బాలిక ఉన్నంతకాలము ఆ కుటుంబము నగరములో గది అద్దెకు తీసికొనదు. కావున రోడ్డునకు నాలుగు కిలోమీటర్లు లోపల నున్న ఊరికి ఉదయము ఏడు గంటల బస్సు వచ్చునా, రాదా యనునది చిన్న సంగతి గాదు. సమావేశ భవనము కొరకు అడుగు పంచాయతీలు పది యున్నచో బస్సు వేళ కొరకు అడుగునది ఒకటియు కనబడదు.

రెండవ తీరు చూడవలెనన్న పడమటికి, దక్షిణమునకు పోవలెను. పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలు కట్టిరి. కోస్గి, నారాయణపేట ప్రాంతములవారు బొంబాయి, పూనాలలో భవనములు లేపిరి. పద్మశాలి నేతగాండ్రు షోలాపూరు, భివండీలలో స్థిరపడిరి. కరీంనగరము, నిజామాబాదు జిల్లాలనుండి గల్ఫు దేశములకు పోవుట మీరెరిగినదే. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు పడమటి మండలములనుండి ఏటేట మిరపకాయల కోతకు గుంటూరు పోవుదురు, శ్రీకాకుళము జిల్లానుండి దూరపు నగరములకు పోవుదురు. వీరికి మేలు చేసినది ఊరికి రమ్మని చెప్పిన ఉపన్యాసము గాదు. రేషను కార్డు ఏ ఊరిలోనైనను చెల్లునట్లు చేసిన ఏర్పాటు వంటివి మేలు చేసినవి. వలస పోవు తలిదండ్రుల పిల్లలకు ఆ నెలలలో ఊరిలోనే వసతి, భోజనము చూపుటయు అట్టిదే. పోవువానిని ఆపుట మన చేతిలో లేనప్పుడు, పోయినవానికి తిరిగివచ్చు తోవను తెరచియుంచుట చేతనైన పని.

కొండ ప్రాంతమైన ఉత్తరాఖండములో ఈ సమస్య ఎంత ముదిరినదనగా 2011 జనగణనలో అల్మోడా, పౌడీ జిల్లాల జనాభా వెనుకటికంటె తగ్గినది. అక్కడి ప్రభుత్వము 2017లో వలసల పరిశీలనకే ఒక సంఘమును నియమించినది. 2011 తరువాత 734 గ్రామములు పూర్తిగా నిర్జనములైనవని ఆ సంఘము 2018లో తేల్చెను. జపాను దేశము 1970లోనే జనము తగ్గు పల్లెలకై ప్రత్యేక చట్టము చేసికొని రోడ్లకు, భవనములకు విరివిగా ధనము వ్యయపరచినది. అచ్చటి పల్లెలలో మంచి రోడ్లున్నవి, తాళము వేసిన ఇండ్లును లక్షలుగా నున్నవి. రోడ్డు రాకకెట్లో పోకకు గూడ అట్లే యుపయోగపడును.

ఇద్దరు పిల్లల నిబంధన

ఇక పుట్టుకల సంగతి. ఇది పంచాయతీ సభ్యులకు స్వంత అనుభవము. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము, ఇద్దరికంటె ఎక్కువ మంది పిల్లలున్నవారు పంచాయతీలకు పోటీ చేయరాదని చెప్పెను. చట్టము అమలునకు వచ్చిన యొక సంవత్సరములోపల పుట్టిన బిడ్డను మాత్రము లెక్కింపరాదని మినహాయింపు నిచ్చెను. 2018 నాటి తెలంగాణ చట్టమును ఈ నిబంధనను నిలుపుకొన్నది. హర్యానా రాష్ట్రపు ఇట్టి నిబంధననే 2003లో సుప్రీంకోర్టు జావేదు కేసులో సమర్థించినది.

దేశమున జనాభా మితిమీరి పెరుగుచున్నదను భయము ఆ కాలమున ఉండెను. 1992–93లో జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క స్త్రీకి సగటున 2.6 కాన్పులు. ఒక తరము స్థానమున మరియొక తరము సరిగా నిలుచుటకు 2.1 కావలెను. 2005–06 పరిశీలన నాటికే మన సగటు 1.8కి దిగినది. 2019–21లో తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. అనగా ఏ భయముతో నిబంధన పెట్టిరో ఆ భయము పది పన్నెండేండ్లలోనే తీరిపోయినది, నిబంధన మాత్రము ముప్పది యేండ్లు నిలిచినది. కాన్పులు తగ్గుటకు ఆ నిబంధనయే కారణమనుటయు సరిగాదు. పోటీచేయువారు ఊరికి పదిమంది, మిగిలిన వేయిమందికి ఆ చట్టముతో పనిలేదు. ఆడపిల్లలు చదువుకొనుట, పెండ్లి వయస్సు పెరుగుట, పుట్టిన బిడ్డ బ్రతుకునను ధైర్యము కలుగుట, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు అందుబాటులోనికి వచ్చుట – అసలు కారణములు ఇవి.

నిబంధన వలన నష్టపడినది ఎవరు? నిర్మలా బుచ్‌గారు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రములలో జరిపిన పరిశీలనలో, పదవికొరకు బిడ్డను దత్తతకిచ్చుట, భార్యను విడనాడుట, గర్భస్రావము చేయించుట వంటి సంఘటనలు బయటపడినవి. మూడవ బిడ్డను కనవలెనా, వలదా యని నిర్ణయించు అధికారము మన ఇండ్లలో తరచు కోడలికి లేదు. కాని వార్డు సభ్యురాలుగా అనర్హురాలైనది మాత్రము ఆమెయే.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ నిబంధనను తొలగించినది. 2025 అక్టోబరులో తెలంగాణ మంత్రివర్గమును తొలగింపునకు నిర్ణయించినది, డిసెంబరు ఎన్నికలకు ముందే అది తొలగిపోయినది. నిన్నటివరకు తక్కువమంది చాలునన్న ప్రభుత్వములే నేడు తగ్గుచున్నారని చింతించుచున్నవి. దీనివెనుక రాజకీయ ప్రాతినిధ్యపు చింతయు గలదు. జనాభాను అదుపులో పెట్టిన రాష్ట్రములకు నష్టము రాగూడదని 1976లో 42వ రాజ్యాంగ సవరణతోను, 2001లో 84వ సవరణతోను, లోకసభలో రాష్ట్రముల స్థానముల సంఖ్యను స్థిరపరచిరి. రెండవ సవరణ విధించిన గడువు 2026 తరువాత జరుగు మొదటి జనగణనతో తీరునట్టిది.

నిబంధన తొలగుట న్యాయము. అయితే దానివలన ఊళ్లు నిండునని భావించుట పొరపాటు. చేవెళ్ల చుట్టుపట్టుల నేల అమ్ముకొని పోయిన కుటుంబము ముగ్గురు పిల్లలను కన్నను వారు పెరుగునది నగరములోనే. ఏ ఇంట ఎందరు బిడ్డలుండవలెనో చెప్పుట పంచాయతీ పని కాదు, నాడును కాదు, నేడును కాదు. పుట్టిన బిడ్డకు అంగన్‌వాడీ తలుపు తెరచియున్నదా యని చూచుట దాని పని.

బడి విషయమున గూడ ఇట్టి తికమకయే యున్నది. 2024–25లో దేశమున ఒక్క విద్యార్థియు చేరని బడులు ఎనిమిదివేలకు చేరువ నుండగా అందు తెలంగాణలోనివే రెండువేలకు పైబడినవి. ఊరిలో పిల్లలే లేరని దీని యర్థము గాదు. ఉదయము ఎనిమిది గంటలకు ఊరి కూడలిలో నిలుచున్నచో పసుపుపచ్చని బస్సులెక్కు పిల్లలు కనబడుదురు. పుట్టుకలు తగ్గినందున ఖాళీయైన బడి యొకటి, నమ్మకము తగ్గినందున ఖాళీయైన బడి మరియొకటి. మొదటిదానిని ప్రక్క ఊరిదానితో కలుపుటకు కారణముండవచ్చును. రెండవదానికి చాలినంతమంది ఉపాధ్యాయులు కావలెను. విద్యాహక్కు చట్టము ప్రకారము 60 మంది పిల్లలవరకు ఇద్దరుపాధ్యాయులే. ఐదు తరగతులను ఇద్దరు నడుపు బడికి తండ్రి తన బిడ్డను పంపకున్న అతనిని తప్పుపట్టుట ఎట్లు?

లెక్కలో లేనివాడు

2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. కేంద్ర ప్రభుత్వము 2025 జూన్ 16న వెలువరించిన ప్రకటనలో 2027 మార్చి 1ని క్రొత్త జనగణనకు ప్రమాణ దినముగా నిర్ణయించినది. అంతవరకు మనకున్నవి 2011 లెక్కలే. 15వ ఆర్థిక సంఘము స్థానిక సంస్థల నిధులను రాష్ట్రములకు పంచునప్పుడు 90 పాళ్లు జనాభాకు, 10 పాళ్లు విస్తీర్ణమునకు ఇచ్చినది. ఆ జనాభా 2011 నాటిదే. మన పంచాయతీలో వార్డు లెన్ని యుండవలెననుటకును జనసంఖ్యయే కొలత. కావున ఒకసారి పొరపాటున తగ్గిన లెక్క పదియేండ్లు ఊరిని వెంటాడును.

ఇందొక చిక్కున్నది. మనుష్యుల లెక్క తీయునది ఫిబ్రవరిలో. వలస ఊళ్లు ఖాళీగా నుండునదియు ఆ నెలలలోనే. లెక్క తీయు దినములలో కొంతకాలమైనను ఇంటనుండు మామూలు నివాసిని ఆ ఇంటనే వ్రాయుదురు. ఆ దినములన్నింటను పరస్థలమున నున్నవానిని అచ్చటనే వ్రాయవలెను. ఇటుక బట్టీ కడ గుడిసెలో నున్నవానిని అక్కడ ఎవరును అడుగకపోయినచో అతడు రెండు చోట్లను లేనివాడగును. లేనివానిని ఉన్నట్లు వ్రాయింపుడని నేను చెప్పుట లేదు, అది నేరము. ఏ కుటుంబము ఏ ఊరికి, ఏ మేస్త్రీ వెంట పోయినదో పంచాయతీ వ్రాసియుంచినచో, అక్కడి గణకునికి తప్పక పేర్లు చెప్పుకొనుడని ఫోనులో కబురు పెట్టవచ్చును. అట్లే తోటలలోని కావలి కుటుంబములను, కోళ్లఫారముల కూలీలను ఇక్కడ వ్రాయునట్లు గణకునికి దారి చూపవలెను. వారు మన ఓటరులు గాకపోవచ్చును, మన నీరు త్రాగువారు మాత్రము నిశ్చయముగా వారే.

తగ్గుదల ఏ తోవలో వచ్చినదో తెలిసికొనుటకు జనగణనకొరకు వేచియుండ నక్కరలేదు. ఒక ఊరిలో 2011లో 2,000 మంది యుండిరనుకొందము. తరువాత నేటివరకు 260 మంది పుట్టి, 140 మంది చనిపోయిరనుకొందము. ఎవరును రాక, ఎవరును పోకున్నచో నేడు 2,120 మంది యుండవలెను. ఇంటింటికి పోయి లెక్కింపగా 1,930 మందియే తేలినచో, వచ్చినవారికంటె పోయినవారు 190 మంది ఎక్కువని యర్థము. ఈ ఊరికి కావలసినది పని, నీరు, బస్సు. అట్లుగాక పుట్టినవారికంటె చనిపోయినవారే ఎక్కువగా తేలినచో, వృద్ధుల వైద్యమును, ఒంటరివారి భోజనమును గూర్చి ముందు ఆలోచింపవలసిన ఊరు అది.

ఈ లెక్కలో కార్యదర్శులు తరచు జారు చోటు ఒకటి గలదు. 1969 నాటి చట్టము ప్రకారము జననము జరిగిన స్థలముననే నమోదగును. నేడు కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నందున మన ఊరి బిడ్డ నగరపు రిజిష్టరులో ఉండును. పంచాయతీ రిజిష్టరు మాత్రమే చూచినచో మన ఊరిలో పుట్టుకలే లేవని తోచును. కావున జననములకు అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల పుస్తకములను చూచుటయే సరి. మరణములలో కొన్ని ఆసుపత్రులలో జరుగును గనుక వాటికి పింఛనుల జాబితాను, ఊరి పెద్దల జ్ఞాపకమును గూడ కలుపుకొనవలెను. పోయినవారి పేరెదుట పోయిన సంవత్సరము, పోయిన స్థలము, భూమి యున్నదా, అమ్మినదా, ఇంటికి తాళమా, అద్దెయా అను నాలుగు గడులు చాలును. తాళము వేసియున్న ఇంటికి ఇంటి పన్ను చెల్లుచున్నదా, లేదా యనునది ఆ పుస్తకములోనే తేలిపోవును. తెలంగాణ చట్టము ప్రకారము గ్రామసభ రెండు నెలల కొకసారి జరుగవలెను గనుక, మొదటి సభకు ఒక వార్డు లెక్క మాత్రమే తెచ్చినను చాలును.